బిగించకుండా మెలిపెట్టడం

ఉక్కు షాఫ్ట్ ఒకటి కంప్యూటర్‌లో గీశాం. దాన్ని వేల చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా, కోశాం. అవి కలిసే బిందువులే నోడ్‌లు. ఒక కొనను కదలకుండా కట్టేసి, రెండో కొన నడిమధ్యనున్న నోడ్‌కు 1000 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చి లెక్క నడిపాం. ప్రోగ్రామ్ ఏ గొడవా చేయకుండా పని ముగించింది. ఫలితం తెరిస్తే షాఫ్టంతా ఒకే నీలం. స్ట్రెస్ లేదు, కదలిక లేదు. ఇచ్చిన టార్క్ ఏమైంది?

ఫైనైట్ ఎలిమెంట్ పనిలో కొత్తగా దిగినవాళ్లలో చాలామందికి తగిలే మొదటి వింత ఇది. కారణం చిన్నదే. ఘనవస్తువును నింపే ఎలిమెంట్లు బ్రిక్‌లు కానీ టెట్రాలు కానీ, వాటి నోడ్‌లకు తెలిసినవి మూడే కదలికలు: అడ్డంగా, నిలువుగా, లోతుగా జరగడం. తనచుట్టూ తాను తిరగడమన్నది ఆ నోడ్‌కు లేనే లేదు. బీమ్ ఎలిమెంట్ నోడ్‌కైతే మూడు జరుగుళ్లతోపాటు మూడు తిరుగుళ్లూ ఉంటాయి, దానికి టార్క్ ఇస్తే అందుకుంటుంది. ఘన ఎలిమెంట్ నోడ్‌కు ఇస్తే అందుకునేవాళ్లు లేరు. పైగా నాస్ట్రాన్‌లాంటి ప్రోగ్రాముల్లో ఆటోఎస్‌పీసీ అనే ఏర్పాటు ఒకటుంది. బిగువు లేకుండా వేలాడే కదలికలను వెతికిపట్టి, లెక్క ఆగిపోకుండా తానే వాటిని నేలకు కట్టేస్తుంది. మనమిచ్చిన టార్క్ ఆ కట్టుదారినే నేలలోకి దిగిపోయింది. షాఫ్ట్‌కు కబురైనా అందలేదు.

కాబట్టి చేయాల్సిన పని ఇది: తిరగడం తెలియని బిందువుల గుంపు చేత ఒక ముఖాన్ని తిప్పించాలి. వాటిని తోయగలం, లాగగలం, అంతే. అందుకు విశ్లేషకులు కనిపెట్టిన ఉపాయాలు చాలా ఉన్నాయి. వాటిలో నాస్ట్రాన్ కుటుంబం ఆర్‌బీఈ3 అనీ, అబాకస్ డిస్ట్రిబ్యూటింగ్ కప్లింగ్ అనీ పిలిచే ఉపాయం నాకు అన్నిటికన్నా ఇష్టం. యాన్సిస్‌లో ముఖానికి మొమెంట్ ఇచ్చేటప్పుడు డిఫార్మబుల్ అని ఎంచుకుంటే వెనక నడిచేదీ దాదాపు ఇదే. తెరమీద అది సాలీడు కాళ్లలా పరుచుకున్న నాలుగు గీతలుగా కనిపిస్తుంది. రోజూ వాడేవాళ్లు కూడా దాని లోపలికి తొంగిచూడరు. చూడదగ్గ పనితనం అది.

ముందు చేతిలెక్క ఒకటి పక్కన పెట్టుకుందాం. మన షాఫ్ట్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పొడవు 500 మిల్లీమీటర్లు అనుకుందాం. 1000 న్యూటన్ మీటర్ల టార్క్‌కు ఉపరితలం మీద షియర్ స్ట్రెస్ 40.7 మెగాపాస్కల్స్ రావాలి. ఉక్కు షియర్ మాడ్యులస్ 80 గిగాపాస్కల్స్ తీసుకుంటే ఒక కొననుంచి రెండో కొనకు మెలి 0.0102 రేడియన్లు, అంటే డిగ్రీలో సగం పైచిలుకు, 0.58. ఏ పద్ధతిలో టార్క్ ఇచ్చినా షాఫ్ట్ నడుమ ఈ అంకెలు కనబడాలి. కనబడకపోతే తప్పు షాఫ్ట్‌ది కాదు.

అన్నిటికన్నా మోటైన దారి బలాల జంట. ముఖం అంచున ఒకవైపు పైకి 20,000 న్యూటన్లు, ఎదురుగా 50 మిల్లీమీటర్ల దూరంలో కిందికి 20,000 న్యూటన్లు. గుణిస్తే సరిగ్గా 1000 న్యూటన్ మీటర్లు. రెండు బలాలు ఎందుకు, ఒకటి చాలదా అంటే చాలదు. ఒక్క బలం తిప్పడంతోపాటు పక్కకు తోసేస్తుంది, షాఫ్ట్ వంగుతుంది. మజ్జిగ చిలికే కవ్వాన్ని చూడండి. తాడు రెండు కొసలూ చిలికే మనిషివైపే ఉంటాయి, మార్చిమార్చి ఏది లాగినా కవ్వం తిరుగుతూనే ఆ మనిషి మీదికి ఒరగబోతుంది. అందుకే దాన్ని వెనక గుంజకు కట్టి నిలుపుతారు. మోడల్‌లో ఆ గుంజ ఉండదు. కాబట్టి ఒక బలానికి ఎదురుబలం మనమే ఇవ్వాలి.

జంట బలాలతో మొత్తం టార్క్ సరిపోతుంది కానీ అవి పడిన రెండు చోట్లా ముఖం కుంగుతుంది. ఒకే బిందువు మీద 20,000 న్యూటన్లు పడితే అక్కడి స్ట్రెస్‌కు అర్థం లేదు. మెష్‌ను, అంటే ముక్కల అల్లికను, ఎంత సన్నం చేస్తే అంకె అంత పెరుగుతుంది, ఎక్కడా నిలవదు. సరే, అంచు చుట్టూ ఉన్న నోడ్‌లన్నిటికీ స్పర్శరేఖ దిశలో కొంచెం కొంచెం పంచుదాం అంటారు. మంచిదే. అయితే ఎవరికెంత? అందరికీ సమానంగా అనడం సహజంగా తోచే జవాబు. అది కూడా ఎలిమెంట్ రకాన్ని బట్టి తప్పవుతుంది.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. అంచుల మధ్యలో కూడా నోడ్‌లుండే క్వాడ్రాటిక్ ఎలిమెంట్లలో, ముఖంమీద సమంగా పరుచుకున్న బలాన్ని నోడ్‌లకు న్యాయంగా పంచితే, ఆరు నోడ్‌ల త్రిభుజంలో మూలలకు దక్కేది సున్నా. మొత్తం బలం మూడు మధ్యనోడ్‌లకు మూడోవంతు చొప్పున పోతుంది. ఎనిమిది నోడ్‌ల చతురస్రంలో ఇంకా వింత. మధ్యనోడ్‌లు నాలుగూ మూడోవంతు చొప్పున తీసుకుంటాయి, మూలలు నాలుగూ పన్నెండోవంతు చొప్పున ఎదురు దిశలో తీసుకుంటాయి. కూడితే ఒకటి వస్తుంది, లెక్కలో తప్పు లేదు. కంటికి మాత్రం అన్యాయంగా కనబడుతుంది. చేత్తో బలాలు పంచడానికి కూర్చున్నవాడు ఈ సంగతి తెలియకుండా సమానంగా పంచితే ముఖం మీద చుక్కలు చుక్కలుగా స్ట్రెస్ మచ్చలు తేలతాయి.

ఈ బాధ పడలేక ఎక్కువమంది పట్టే దారి ఆర్‌బీఈ2. ముఖం మధ్య ఒక నోడ్ పెట్టి, దానికి ఆరు కదలికలూ ఇచ్చి, ముఖం మీది నోడ్‌లన్నిటినీ దానికి కడ్డీలతో బిగించినట్టు కట్టేయడం. ఇక టార్క్‌ను ఆ మధ్యనోడ్‌కు ఇవ్వొచ్చు. అది తిరిగితే ముఖమంతా రాతిపలకలా దానితోపాటు తిరుగుతుంది. రెండు నిమిషాల పని. ప్రాజెక్టు గడువులు తెలిసినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసిపారేయరు. కానీ ఇందులో ఒక అబద్ధం ఉంది: ముఖం రాయి కాదు. వేడెక్కితే వ్యాకోచిస్తుంది, లాగితే సన్నబడుతుంది. ఆర్‌బీఈ2 ఆ రెంటినీ ఒప్పుకోదు, ముఖం అంచున లేని స్ట్రెస్‌ను ఎర్రటి ఉంగరంలా పుట్టిస్తుంది. అసలు భాగంలో ఎన్నడూ ఉండని ఆ ఉంగరం చూసి డిజైన్ మందం పెంచినవాళ్లు కూడా ఉంటారని నా అనుమానం.

గుండ్రటి షాఫ్ట్‌ను మాత్రం ఆర్‌బీఈ2తో తిప్పినా పెద్దగా నష్టం లేదు. దానికి కారణం కంప్యూటర్లకు చాలా ముందటిది. ఫ్రాన్స్‌లో కూలంబ్ 1784లో తీగల మెలి మీద ప్రయోగాలు వెల్లడించాడు. విద్యుదావేశాల మధ్య బలాన్ని కొలిచిన అతని తులకు ఆ తీగలే ఆధారం. గుండ్రటి కడ్డీ మెలిపడినప్పుడు ప్రతి అడ్డుకోత బల్లపరుపుగానే ఉండి, వలయం వలయంగానే ఉండి, మొత్తంగా తిరుగుతుంది. షియర్ స్ట్రెస్ నడిమధ్య సున్నా, అంచువైపు దూరానికి తగ్గట్టు పెరుగుతుంది. ముఖం రాతిపలకలా తిరగాలని ఆర్‌బీఈ2 శాసిస్తే, గుండ్రటి ముఖం ఎలాగూ అలాగే తిరిగేది. శాసనానికి పనే లేదు.

చతురస్రపు కడ్డీ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో నావియే గుండ్రటి కడ్డీ సూత్రాన్నే అన్ని ఆకారాలకూ వాడాడు. అలాగైతే చతురస్రంలో మధ్యనుంచి అన్నిటికన్నా దూరంగా ఉండే మూలల్లోనే స్ట్రెస్ ఎక్కువుండాలి. 1855లో సెయింట్ వెనాన్ తన మహాప్రబంధంలో చూపించింది దీనికి సరిగ్గా తలకిందులు: మూలల్లో స్ట్రెస్ సున్నా, భుజాల మధ్యలో అత్యధికం. ఎందుకంటే మూల పక్కనున్న రెండు భుజాలూ గాలికి తెరిచినవి, అక్కడ షియర్ ఆనడానికి ఏమీ లేదు. పైగా గుండ్రంగా లేని కోత మెలిపడితే బల్లపరుపుగా ఉండదు, కొన్నిచోట్ల ముందుకు ఉబికి, కొన్నిచోట్ల వెనక్కి పోతుంది. దీన్నే వార్పింగ్ అంటారు. 50 మిల్లీమీటర్ల భుజమున్న చతురస్రపు కడ్డీకి మన టార్క్‌నే ఇస్తే, నావియే లెక్కలో మూలల్లో 34 మెగాపాస్కల్స్ వస్తాయి. సెయింట్ వెనాన్ లెక్కలో భుజం నడుమ 38.5. బిగువు విషయంలో నావియే అసలుకన్నా 18 శాతం పైగా ఎక్కువ చూపిస్తాడు. స్ట్రెస్ తక్కువ, బిగువు ఎక్కువ: డిజైనర్‌ను ముంచడానికి ఇంతకన్నా మంచి జోడీ దొరకదు.

ఆకారం కాస్త క్లిష్టమైతే మెలి సమీకరణం చేత్తో తేలేది కాదు. 1903లో ప్రాంట్ల్ ఒక అందమైన పోలిక పట్టుకున్నాడు: అదే ఆకారపు రంధ్రం మీద సబ్బునీటి పొర పరిచి కింద కొద్దిగా గాలి ఊదితే, ఆ పొర ఉబ్బు పాటించే సమీకరణమూ మెలి పాటించే సమీకరణమూ ఒకటే. పొర వాలు ఎక్కడ నిటారుగా ఉంటే అక్కడ స్ట్రెస్ ఎక్కువ. 1917లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన కర్మాగారంలో జీ.ఐ. టేలర్, గ్రిఫిత్ ఇద్దరూ నిజంగానే సబ్బుపొరలు పరిచి, వాటిని కొలిచి, టార్షన్ (మెలి) లెక్కలు రాబట్టారు. 1943లో కురాంట్ అచ్చువేసిన పత్రంలో చదరపు రంధ్రమున్న చదరపు గొట్టం టార్షన్ బిగువును, ప్రాంతాన్ని త్రిభుజాలుగా కోసి, ఒక్కో త్రిభుజంలో సరళరేఖలా మారే ప్రమేయాలతో లెక్కగట్టాడు. ఫైనైట్ ఎలిమెంట్ అన్న పేరు 1960లో క్లఫ్ పెట్టేదాకా లేదు. అయినా ఆ పద్ధతి తొలి అడుగుల్లో ఒకటి మెలి లెక్కలోనే పడింది. వరంగల్ జిల్లాలో పుట్టి ఉస్మానియాలో చదివి అమెరికాలో ప్రొఫెసరైన జె.ఎన్. రెడ్డి ఫైనైట్ ఎలిమెంట్ పాఠ్యపుస్తకంలోనూ రెండు దిక్కుల సమీకరణాలకు ఉదాహరణగా ఈ టార్షనే వస్తుంది. వరంగల్ ఆర్‌ఈసీలో చదివిన తిరుపతి చంద్రుపట్ల, బెలెగుందుతో కలిసి రాసిన పుస్తకంలోనూ అంతే. ఈ పాఠాలు చదివిన తెలుగు పిల్లలెందరో ఇప్పుడు హైదరాబాద్‌లోనూ డెట్రాయిట్‌లోనూ మెష్‌లు వేస్తున్నారు.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఆర్‌బీఈ3ని తూకం వేయాలంటే కూలంబ్, నావియే, సెయింట్ వెనాన్ ముగ్గురూ కావాలి.

నాస్ట్రాన్ ఫైల్‌లో ఆర్‌బీఈ3 అంటే ఒకటి రెండు పంక్తులు. పేరు, ఒక సంఖ్య, ఏమీ రాయని ఒక గడి, తరువాత మధ్యనోడ్ సంఖ్య, పక్కన 123456. ఆ తరువాత 1.0, దాని పక్కన 123, ఆపైన ముఖం మీది నోడ్‌ల వరుస. ఒకటి రెండు మూడు అంటే మూడు జరుగుళ్లు, నాలుగు అయిదు ఆరు అంటే మూడు తిరుగుళ్లు. మధ్యనోడ్‌కు ఆరూ ఉన్నాయి, ముఖం నోడ్‌లనుంచి మూడే అడుగుతున్నాం. వాటి దగ్గర ఉన్నవే మూడు కాబట్టి ఆ అడగడం న్యాయం. 1.0 అన్నది వెయిట్, అంటే ఎవరి మాటకు ఎంత విలువ అన్నది.

ఆర్‌బీఈ2లో మధ్యనోడ్ యజమాని, ముఖం అది చెప్పినట్టు వినాలి. ఆర్‌బీఈ3లో పెత్తనం ముఖానిది. ముఖం మీది నోడ్‌లు తమ ఇష్టం వచ్చినట్టు కదులుతాయి. వాటి కదలికలన్నిటికీ అతిదగ్గరగా సరిపోయే ఒకే ఒక్క గట్టివస్తువు కదలికను లీస్ట్ స్క్వేర్స్‌తో వెతికి, మధ్యనోడ్‌కు దాన్ని అంటగడతారు. ముఖం ఉబికినా, సాగినా, కోడిగుడ్డులా అయినా మధ్యనోడ్ అడ్డుచెప్పదు, సగటున ఎంత తిరిగిందో అంత తిరుగుతుంది. అందుకే ఈ ఎలిమెంట్ మోడల్‌కు ఇసుమంత బిగువు కూడా కలపదు.

సరే, సగటు పైకి వెళ్లింది. బలం కిందికి ఎలా దిగుతుంది? ఇక్కడ కొత్త ఊహేమీ చేయలేదు, అదే నాకు నచ్చేది. మధ్యనోడ్ మీద టార్క్ చేసే పని, ముఖం నోడ్‌ల మీద బలాలు చేసే పనితో సమానం కావాలి, అంతే షరతు. సగటు తిరుగుడు ఎలా కట్టారో అది తెలిస్తే చాలు, బలాల పంపకం దానంతట అదే తేలిపోతుంది. ఒక్కో నోడ్‌కు దక్కే స్పర్శబలం: టార్క్‌ను ఆ నోడ్ వెయిట్‌తోనూ, మధ్యనుంచి దాని దూరంతోనూ గుణించి, అన్ని నోడ్‌ల వెయిట్, దూరవర్గాల లబ్ధాల మొత్తంతో భాగించాలి. పైకి కదలికలను మోసిన మాత్రికే తిరగేస్తే కిందికి బలాలను మోస్తుంది. ఒకే పనిముట్టు రెండువైపులా వాడుకోవడం ఇందులో ఉన్న పొదుపు.

మన షాఫ్ట్ అంచుమీద సమదూరంలో 24 నోడ్‌లుంటే, మధ్యనుంచి అన్నీ 25 మిల్లీమీటర్ల దూరంలోవే కాబట్టి ఒక్కోదానికి దాదాపు 1667 న్యూటన్లు. కూడి చూడండి, టార్క్ తిరిగి పూర్తిగా వస్తుంది, పక్కకు తోసే బలం సున్నా. ఈ సూత్రం మెకానికల్, సివిల్ చదివినవాళ్లు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. మెషిన్ డిజైన్‌లో పక్కకు తప్పి బరువు పడిన రివెట్ల గుంపులో ఏ రివెట్‌కు ఎంత అన్నది ఇదే లెక్క. కాగితమూ పెన్సిలూ ఉన్న రోజుల్లో బాయిలర్లకూ వంతెనలకూ వాడిన పద్ధతి, లెక్కగట్టే ప్రోగ్రామైన సాల్వర్ కడుపులో బతికే ఉందన్నమాట.

ఇప్పుడు అంచు నోడ్‌లు మాత్రమే కాకుండా ముఖం మీది నోడ్‌లన్నిటినీ చేర్చి, ఒక్కో నోడ్ వెయిట్‌గా దాని వంతు వైశాల్యం ఇవ్వండి. పంపకం ఎలా వస్తుంది? వైశాల్యం, దూరం రెంటికీ తగ్గట్టు. అంటే స్ట్రెస్ నడిమధ్య సున్నా, అంచుకు దూరం కొద్దీ పెరుగుతుంది. భాగహారంలో ఉన్న మొత్తం మరేదో కాదు, కోత పోలార్ మొమెంటే. సరిగ్గా గుండ్రటి షాఫ్ట్‌కు కూలంబ్ కాలంనాటి జవాబు! సగటు కట్టమని తప్ప టార్షన్ సిద్ధాంతం గురించి ఒక్క మాటా చెప్పని ఎలిమెంట్, గుండ్రటి ముఖం మీద ఆ సిద్ధాంతాన్ని అచ్చంగా రాసిపెట్టింది. మొదటిసారి ఈ రెండు సూత్రాలను పక్కపక్కన రాసుకున్నప్పుడు కలిగిన ఆనందం నాకు ఇంకా తగ్గలేదు.

మరి చతురస్రపు ముఖమైతే? అక్కడ ఆర్‌బీఈ3 నావియే తప్పునే చేస్తుంది. దూరాన్ని చూసి పంచుతుంది కాబట్టి, అసలు స్ట్రెస్ సున్నా కావాల్సిన మూలలకే ఎక్కువ బలం ఇస్తుంది. అయినా దాన్ని క్షమించొచ్చు. అది బలాన్ని తప్పుగా పంచింది కానీ, ముఖాన్ని పట్టుకోలేదు. ముఖం ఉబకడానికి స్వేచ్ఛ ఉంది. సెయింట్ వెనానే చెప్పిన మరో సంగతి ఇక్కడ ఆదుకుంటుంది: మొత్తం బలమూ టార్కూ సరిగ్గా ఉంటే, అవి పంచుకున్న తీరు ప్రభావం కొద్ది దూరంలోనే ఆరిపోతుంది. ముఖం నుంచి సుమారు ఒక భుజమంత దూరం లోపలికి వెళ్లేసరికి కోత తన స్ట్రెస్‌ను తానే సర్దుకుంటుంది. మూలలు సున్నాకు దిగుతాయి, భుజాల నడుమ 38.5 వచ్చి నిలుస్తుంది. నిండు కడ్డీలో ఆర్‌బీఈ2 పెట్టిన పట్టు కూడా అంతే దూరంలో ఆరుతుంది. పలుచటి రేకులతో చేసిన ఐ సెక్షన్, చానెల్ లాంటి తెరిచిన కోతల్లో మాత్రం వార్పింగ్‌ను ఆపితే దాని ప్రభావం పొడవునా చాలా దూరం పాకుతుంది, కడ్డీ అసలుకన్నా ఎన్నో రెట్లు బిగువుగా కనబడొచ్చు. పంచడంలో చేసిన తప్పును వస్తువు దిద్దుకుంటుంది, పట్టుకోవడంలో చేసిన తప్పును అన్నిసార్లూ దిద్దుకోలేదు. టార్క్ ఇచ్చే విద్య అంతా నాకు ఈ తేడాలోనే కనిపిస్తుంది.

ఆర్‌బీఈ3కి దోషాలు లేవనను. వెయిట్లన్నీ 1.0 అని వదిలేసి, మెష్ ఒకవైపు సన్నగా, మరోవైపు ముతకగా వేస్తే, సన్నటి వైపు నోడ్‌లు ఎక్కువ కాబట్టి బలం అటే పోగవుతుంది. మొత్తం టార్క్ తప్పదు, పంపకం వంకరపోతుంది. ఎంచుకున్న నోడ్‌లన్నీ ఒకే సరళరేఖ మీద ఉంటే ఆ రేఖ చుట్టూ తిప్పడానికి వాటికి చేయి అందదు, లెక్క ఆగిపోతుంది. పలుచటి రేకులకు వాడే షెల్ మోడల్ మీద పనిచేసేవాళ్లు 123 బదులు 123456 రాసి ముఖం నోడ్‌ల తిరుగుళ్లనూ సగటులోకి లాగుతుంటారు, అది చాలావరకు అనవసరం, తరచు హాని. షెల్‌ల సంగతి వచ్చింది కాబట్టి: షెల్ నోడ్‌కు ఆరు కదలికలున్నా, రేకుకు నిలువుగా ఉన్న అక్షం చుట్టూ తిరిగే ఆరోదానికి చాలా ఎలిమెంట్లలో అసలు బిగువు ఉండదు. నాస్ట్రాన్‌లో కే6రాట్ అనే పారామీటరుతో దానికి ఒక ఉత్తుత్తి బిగువు కల్పిస్తారు. రేకు మీది ఒక్క నోడ్‌కు ఆ దిశలో టార్క్ ఇచ్చి ఫలితాన్ని నమ్మడం ఆ ఉత్తుత్తి అంకెను నమ్మడమే.

ఇంతకీ అసలు యంత్రాల్లో షాఫ్ట్‌కు టార్క్ ఎక్కడినుంచి వస్తుంది? రామగుండం ఎన్టీపీసీ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లున్నాయి. అలాంటి టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. పవర్‌ను కోణీయ వేగంతో భాగిస్తే, జనరేటర్ వైపు చేరే టార్క్ దాదాపు 15.9 లక్షల న్యూటన్ మీటర్లు. గ్రిడ్‌లో షార్ట్ సర్క్యూట్ జరిగితే క్షణంలో అంతకు కొన్ని రెట్లు రావచ్చు. ఈ టార్క్ షాఫ్ట్‌నుంచి షాఫ్ట్‌కు కప్లింగ్ ఫ్లాంజ్‌ల బోల్టుల గుండా, ఫ్లాంజ్ ముఖాల మధ్య రాపిడి గుండా పోతుంది. ఊరికే అంకెల కోసం అర మీటరు వ్యాసార్ధం మీద 16 బోల్టులు అనుకుని, రాపిడిని పక్కన పెడితే, ఒక్కో బోల్టు మీద దాదాపు 2 లక్షల న్యూటన్ల కోతబలం, ఇంచుమించు 20 టన్నుల బరువు. రోటర్ మొత్తం మెలి, సహజ కంపనాలు మాత్రమే కావాలంటే ఫ్లాంజ్ ముఖం మీద ఆర్‌బీఈ3 చాలు. బోల్టు రంధ్రం అంచున పగులు వస్తుందా అని అడిగితే మాత్రం చాలదు. అక్కడ బోల్టు బోల్టుగానే ఉండాలి, బిగింపు ఉండాలి, ముఖాల మధ్య కాంటాక్ట్ ఉండాలి.

హబ్‌తో కలపడానికి గాడిలో (కీవేలో) కీ పెట్టిన షాఫ్ట్‌లో ఇది ఇంకా స్పష్టం. అక్కడ టార్క్ షాఫ్ట్‌లోకి చేరేది చాలావరకు కీ పక్కగోడ మీది ఒత్తిడిగా. షాఫ్ట్‌లు అలసి విరిగితే పగులు తరచు మొదలయ్యేది కీవే అడుగు మూలలో. ముఖమంతటికీ సగటు వేసే ఎలిమెంట్ ఆ మూలను చూడలేదు. అది చూడాల్సిన దూరం సెయింట్ వెనాన్ చెప్పిన హద్దుకు లోపలే ఉంది. చదువుకునే రోజుల్లో మాకెవరూ ఇలా చెప్పలేదు: ఆర్‌బీఈ3 పెట్టడమంటే, ఈ ముఖం దగ్గర ఏమవుతుందో నన్నడగవద్దు అని రాసిచ్చినట్టే. రాసిచ్చాక ఆ ముఖం దగ్గరి రంగులను రిపోర్టులో చూపించకూడదు.

ఒక చిన్న తమాషా. ఫలితం బాగా కనబడాలని విరూపాన్ని వందరెట్లు పెంచి చూపిస్తే షాఫ్ట్ మెలితోపాటు లావెక్కినట్టు కనిపిస్తుంది. అలా చూసి మెటీరియల్ డేటా తప్పనుకుని వెతికేవాళ్లుంటారు. తప్పు లేదు. సరళ విశ్లేషణలో ప్రతి బిందువూ వృత్తం వెంట కాక స్పర్శరేఖ వెంట జారుతుంది. 0.0102 రేడియన్ల దగ్గర ఆ తేడా ఏ కొలతకూ అందదు. వందరెట్లు చేస్తే 1.02 అవుతుంది, పైథాగరస్ లెక్కన వ్యాసార్ధం 43 శాతం పెరిగినట్టు తెరమీద కనబడుతుంది. రబ్బరు కప్లింగ్‌లా నిజంగానే పదుల డిగ్రీలు మెలిపడే భాగమైతే ఇది తమాషా కాదు. జ్యామితి మారుతున్నకొద్దీ లెక్కను తిరగగట్టే నాన్‌లీనియర్ విశ్లేషణ కావాలి. నోడ్‌లకు చేత్తో ఇచ్చిన స్పర్శబలాలు మొదటి దిశలోనే నిలిచిపోతే, పావుచుట్టు తిరిగేసరికి అవి తిప్పడం మానేసి బయటికి లాగడం మొదలుపెడతాయి. బలాలు ముఖంతోపాటు తిరగాలి, లేదా టార్క్‌కు బదులు తిరుగుడునే ఇచ్చి, ఎంత టార్క్ పట్టిందో ఎదురు చర్యనుంచి చదువుకోవాలి.

మోడల్‌ను సగానికి కోసి సమయం ఆదా చేయాలనుకునేవాళ్లకు ఒక్క మాట. బరువు వేసినప్పుడు పనికొచ్చే అద్దపు సౌష్ఠవం మెలికి పనికిరాదు. మెలి అద్దంలో తిరగబడుతుంది, కాబట్టి కోతముఖం మీద ఎదురుసౌష్ఠవపు కట్లు పెట్టాలి. మామూలు సౌష్ఠవపు కట్లు పెడితే ఆ అరషాఫ్ట్ మెలిపడకుండా వంగుతుంది.

ఇక అసలు అంకెలు సరిచూడడం. కట్టేసిన కొన దగ్గర ఎదురు చర్యల పట్టిక తీస్తే మూడు బలాలూ సున్నాకు ఎంతో దగ్గరగా ఉండాలి, అక్షం చుట్టూ మొమెంట్ 1000 న్యూటన్ మీటర్లు ఉండాలి. నేను దాంతో ఆగను, వికృతి శక్తిని (స్ట్రెయిన్ ఎనర్జీని) కూడా చూస్తాను. టార్క్‌లో సగాన్ని మెలితో గుణిస్తే 5.09 జౌళ్లు, ఆ అంకె సాల్వర్ అచ్చువేసే మొత్తానికి సరిపోవాలి. తరువాత అదే మోడల్‌ను ఒకసారి ఆర్‌బీఈ3తో, మరోసారి ఆర్‌బీఈ2తో నడిపి రెండు శక్తులనూ పక్కన పెడతాను. రెండోది ముఖాన్ని పట్టుకుంటుంది కాబట్టి మెలి తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది. గుండ్రటి షాఫ్ట్‌లో రెండూ దాదాపు ఒకటే. చతురస్రపు కడ్డీలో చిన్న తేడా, ఐ సెక్షన్‌లో చాలా పెద్ద తేడా. వర్క్‌షాపులో అసలు కప్లింగ్ ముఖాన్ని పూర్తిగా వదిలెయ్యదు, రాయిలా పట్టదు కూడా. కాబట్టి నిజం సాధారణంగా ఆ రెండంకెల మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ ఎడం డిజైన్‌కు భరించదగినంత చిన్నదైతే కాంటాక్ట్ మోడల్ కట్టే శ్రమ తప్పినట్టే. పెద్దదైతే కీనీ హబ్‌నీ గీయడం మొదలుపెట్టాలి.